కంపైలర్ తప్పు, ప్రోగ్రామర్ తిప్పలు

కంపైలర్ మూడు రకాలుగా మొరాయిస్తుంది. మనం రాసింది చెల్లదని తిప్పికొట్టడం ఒకటి. పని మధ్యలో తానే కుప్పకూలడం రెండోది. సరైన ప్రోగ్రాం తీసుకుని, ఏ హెచ్చరికా ఇవ్వకుండా, తప్పు మెషీన్ కోడ్ రాసిచ్చి ఊరుకోవడం మూడోది. మొదటి రెండూ విసుగు పుట్టిస్తాయి గానీ మోసం చేయవు. మూడోది చేస్తుంది. సోర్స్‌ను ఎన్నిసార్లు తిరగేసినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. పోనీ డీబగ్గర్‌లో చూద్దామని ఆప్టిమైజేషన్ తీసేస్తే లక్షణమే మాయమవుతుంది. విలువ తెలుసుకుందామని ఒక ప్రింట్ పెట్టినా అంతే. కంపైలర్‌ను బాగుచేయడం మామూలుగా మన చేతిలో ఉండదు. దాన్ని రాసేవాళ్లు తప్పు ఒప్పుకోవాలి, సరిదిద్దాలి, కొత్త వర్షన్ విడుదల చేయాలి, అది మన బిల్డ్ యంత్రాల దాకా రావాలి. ఇందుకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఈలోగా ప్రోగ్రాం నడవాలి కాబట్టి వర్క్‌అరౌండ్, అంటే తప్పును తప్పించుకుని పోయే తాత్కాలిక ఏర్పాటు, పెడతారు. దీని మీద వృత్తిలో చెలామణిలో ఉన్న సలహా ఒకటే: ఎక్కడ తప్పు బయటపడిందో అక్కడ, వీలైనంత చిన్నగా పెట్టి వదిలేయమని. ఈ సలహా సగమే నిజం. వర్క్‌అరౌండ్ ఎంత వెడల్పుగా ఉండాలన్నది బగ్ కారణం మనకు ఎంతవరకు తెలుసో దాన్ని బట్టి తేలాలి. గండి ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు గోదావరి కట్ట పొడవునా ఇసుక బస్తాలు వేస్తారు. చోటు తేలాక అక్కడొక్కచోట పూడ్చి మిగతావి తీసేస్తారు. కంపైలర్ల విషయంలో ఇన్నేళ్లలో జరిగిన ముఖ్యమైన ఉదంతాలు వరుసగా చూస్తే, దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది ఈ క్రమాన్ని తలకిందులు చేసినవాళ్లే.

అసలు ఇది నిజంగా ఉన్న బెడదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. కంపైలర్ తప్పు చేసిందని ఎవరైనా అంటే అనుభవమున్నవాళ్లు నమ్మరు, ఆ అపనమ్మకానికి కారణం కూడా ఉంది. అయినా సాక్ష్యం గట్టిగానే ఉంది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జాన్ రెగెర్ బృందం సీస్మిత్ అనే సాధనం తయారుచేసింది. అది భాషా నియమాలను ఎక్కడా మీరని సీ ప్రోగ్రాంలను యాదృచ్ఛికంగా పుట్టిస్తుంది. ఒకే ప్రోగ్రాంను వేర్వేరు కంపైలర్లతో, వేర్వేరు ఆప్టిమైజేషన్ స్థాయిలతో కంపైల్ చేసి నడుపుతారు. జవాబులు కలవకపోతే కనీసం ఒకటి తప్పు. 2011లో వాళ్లు ప్రచురించిన పత్రం ప్రకారం మూడేళ్లలో అప్పటిదాకా ఎవరికీ తెలియని బగ్‌లు 325కు పైగా దొరికాయి. పరీక్షించిన ప్రతి కంపైలరూ కుప్పకూలింది, ప్రతిదీ ఎక్కడో ఒకచోట నిశ్శబ్దంగా తప్పు కోడ్ ఇచ్చింది. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు ఇంకో ఎత్తు వేశారు. ఒక నిజమైన ప్రోగ్రాంను ఫలానా ఇన్‌పుట్‌తో నడిపి, ఆ నడకలో అసలు అమలు కాని వరుసలను అక్కడక్కడా తీసేస్తారు. ఆ ఇన్‌పుట్‌కు జవాబు మారకూడదు. మారితే దొంగ దొరికినట్టే. జీసీసీ, ఎల్ఎల్‌వీఎం అనే రెండు ప్రముఖ కంపైలర్లలో కలిపి 147 బగ్‌లు ఇలా ధ్రువపడ్డాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. యంత్రం పుట్టించిన వికార ప్రోగ్రాంలలో బయటపడే తప్పులు మనుషులు రాసే కోడ్‌ను తాకుతాయా? లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2019లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఎల్ఎల్‌వీఎంలో, దాని మీద నడిచే సీ కంపైలర్ క్లాంగ్‌లో అప్పటికే సరిదిద్దిన 45 తప్పులను తీసుకుని, లినక్స్ పంపిణీ డెబియన్‌కు చెందిన 309 ప్యాకేజీలను, అంటే కోటి వరుసలకు పైబడిన సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను, తప్పున్న కంపైలర్‌తోనూ సరిదిద్దిన దానితోనూ కట్టి పోల్చారు. యాదృచ్ఛిక పరీక్షలు పట్టిన బగ్‌లలో దాదాపు సగం కనీసం ఒక ప్యాకేజీ బైనరీని మార్చాయి. మార్చిన చోట కూడా ప్యాకేజీలో అతి చిన్న భాగాన్నే. ప్యాకేజీల సొంత పరీక్షల్లో మాత్రం రెండే రెండు వైఫల్యాలు కనిపించాయి. దీన్ని చదివి బెడద చిన్నదని కొందరు ఊరట పడ్డారు. అదే ఫలితాన్ని ఇంకోలా కూడా చదవవచ్చు: బైనరీలోకి తప్పు దూరే సందర్భాలు ఉన్నాయి, కానీ మన పరీక్షలు వాటిని దాదాపు ఎప్పుడూ పట్టవు. నాకు రెండో పాఠమే సబబుగా తోస్తుంది. వర్క్‌అరౌండ్ పెట్టాక పరీక్షలు పాసయ్యాయి కాబట్టి సమస్య తీరిపోయిందనే తర్కం అక్కడే వీగిపోతుంది. తప్పు ఉన్నప్పుడు కూడా ఆ పరీక్షల్లో చాలావరకు పాసయ్యాయి కదా.

ఇక ఆ అపనమ్మకం సంగతి. సీ భాషలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అనే వర్గం ఒకటుంది. అది జరిగితే ఏమవుతుందో ప్రమాణం ఏమీ చెప్పదు, అది జరగదని నమ్మి కంపైలర్ ఆప్టిమైజ్ చేసుకోవచ్చు. 2009లో లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లలో ఒకదానిలో పాయింటర్‌ను ముందు వాడి, తర్వాత అది శూన్యమా అని చూసే కోడ్ ఉండేది. వాడేశారు కాబట్టి శూన్యం కాదని జీసీసీ తేల్చుకుని ఆ తనిఖీని తొలగించింది, దానితో భద్రతా లోపం తెరుచుకుంది. తిట్లు కంపైలర్‌కు పడ్డాయి గానీ నియమం ప్రకారం తప్పు కోడ్‌ది. 2019లో ఇంకో చిక్కుముడి: గో భాషలో రాసిన ప్రోగ్రాంలకు లినక్స్ 5.2, 5.3 కెర్నెళ్ల మీద మెమరీ పాడవసాగింది. కెర్నెల్‌ను జీసీసీ 9తో కట్టినప్పుడే ఇలా అయ్యేది, పాత వర్షన్‌తో కడితే లేదు. ఎవరికైనా జీసీసీ మీదికే అనుమానం పోతుంది. చివరికి తేలిందేమిటంటే, ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు ఎవరివో చెప్పే విలువను ప్రతిసారీ కొత్తగా చదవాలని కెర్నెల్ కోడ్ కంపైలర్‌కు చెప్పనే లేదు. జీసీసీ 9 దాన్ని ఒకసారి చదివి దాచుకుంది, అది దాని హక్కే. కొత్త వర్షన్‌తో చెడి పాత వర్షన్‌తో బాగుండడం కంపైలర్ దోషానికి సాక్ష్యం కాదని ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి. సరిహద్దు మీద ఏళ్ల తరబడి తేలని తగువులు కూడా ఉన్నాయి. పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దశాంశ లెక్కలు 80 బిట్ల రిజిస్టర్లలో జరిగి, మెమరీలోకి వెళ్లేటప్పుడు 64కు కుదించుకుపోయేవి. ఒకే లెక్క రెండుచోట్ల రెండు జవాబులు ఇచ్చేది. దీని మీద 2000లో జీసీసీలో నమోదైన 323వ నంబరు ఫిర్యాదు, కంపైలర్ బగ్ అంటే ఏమిటన్న వాదనకే చిరునామా అయిపోయింది.

కాబట్టి వర్క్‌అరౌండ్‌కు ముందు జరగాల్సిన పని నిర్ధారణ. తప్పు చూపించే కోడ్‌ను కుదించుకుంటూ పోవాలి. రెగెర్ బృందమే చేసిన సీ-రెడ్యూస్ లాంటి సాధనాలు వేల వరుసలను పదుల్లోకి తెస్తాయి. ఏ ఆప్టిమైజేషన్ దశ దగ్గర ఫలితం చెడుతోందో సగం సగం చేసుకుంటూ వెతకాలి. ఎల్ఎల్‌వీఎంలో ఇందుకు ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంది. ఆఖరికి అసెంబ్లీని చదివి, ఫలానా సూచన ఫలానా కారణం వల్ల తప్పు అని వేలు పెట్టి చూపగలగాలి. ఇంత చేసే తీరిక అందరికీ ఉండదు, నిజమే. తీరిక లేనివాళ్లు చేసే మామూలు పని ఫంక్షన్‌లో రెండు వరుసలు అటూ ఇటూ మార్చడం, ఒక వేరియబుల్‌కు వొలటైల్ తగిలించడం. తప్పు పోతుంది. ఎందుకు పోయింది? ఏ చిన్న మార్పు చేసినా రిజిస్టర్ల కేటాయింపు మారుతుంది, ఇన్‌లైన్ నిర్ణయాలు మారుతాయి, సూచనల వరుస మారుతుంది. చేసిన మార్పు కారణాన్ని అడ్డుకుందా, లేక ఈసారికి పాచిక వేరేలా పడిందా అన్నది లక్షణాన్ని చూసి చెప్పడం అసాధ్యం. ఇరుకైన వర్క్‌అరౌండ్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే. కారణం తెలిశాక దాన్ని పెడితే అది శస్త్రచికిత్స అవుతుంది, తెలియక ముందు పెడితే జూదం.

వొలటైల్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంపైలర్ మీద అనుమానం రాగానే చేయి దాని మీదికే పోతుంది. ఈ వేరియబుల్‌ను సోర్స్‌లో ఎన్నిసార్లు, ఏ వరుసలో తాకితే మెమరీలోనూ అన్నిసార్లు, అదే వరుసలో తాకాలని దాని అర్థం. ఎరిక్ ఐడ్, రెగెర్ 2008లో పదమూడు సీ కంపైలర్లను ఇదొక్క విషయంలో పరీక్షించారు. అన్నీ వృత్తిలో వాడుకలో ఉన్నవే. పదమూడింట్లోనూ వొలటైల్‌కు తప్పు కోడ్ పుట్టే సందర్భాలు దొరికాయి. మందు అనుకున్న డబ్బాలోనే రోగం ఉందన్నమాట. ఆ పత్రంలో ఎక్కువమంది గమనించని రెండో సగం మన చర్చకు ఇంకా ముఖ్యం. వాళ్లు ఒక వర్క్‌అరౌండ్‌ను ప్రతిపాదించి, దాన్ని కొలిచారు: వొలటైల్ చదవడాన్ని, రాయడాన్ని నేరుగా చేయకుండా, కంపైలర్ లోపలికి తొంగిచూడలేని చిన్న సహాయక ఫంక్షన్ల ద్వారా చేయడం. తప్పు కనిపించిన సందర్భాల్లో 96 శాతం దానితో సరైన కోడ్ వచ్చింది. ఇది ఏ ఒక్క బగ్ కోసమూ చెక్కింది కాదు. పదమూడు కంపైలర్లలో ఏ దశలో ఎందుకు తప్పు జరుగుతోందో ఒక్కొక్కటిగా తవ్వకుండానే, ఒక తెలిసిన వాస్తవం మీద ఆధారపడింది: తనకు కనిపించని ఫంక్షన్ గురించి కంపైలర్ ఏ ఊహా చేయలేదు. వెడల్పైన వర్క్‌అరౌండ్ పనిచేసే తీరు ఇదే. మిగిలిన 4 శాతం కూడా మరచిపోకూడదు. అంత వెడల్పు కట్టా పూర్తి హామీ కాదు.

లినక్స్ కెర్నెల్ చరిత్ర ఈ మొత్తం ప్రశ్నకు బహిరంగ ప్రయోగశాల లాంటిది. ప్రతి మార్పుకూ కారణం రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి ఎవరు ఏం అనుకుని ఏం చేశారో ఈనాటికీ చదవవచ్చు. అందులో ఏఎస్ఎం గోటో కథ నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పాఠం చెప్పేది. అసెంబ్లీ ముక్క నుంచి సీ లేబుల్‌కు నేరుగా దూకే వీలు అది. 2013 అక్టోబరులో కెర్నెల్ కుప్పకూలడాలను వెంటాడుతూ పోతే, ఆ దూకుడును జీసీసీ కొన్నిసార్లు తప్పుగా అనువదిస్తోందని తేలింది. వర్క్‌అరౌండ్‌ను జీసీసీ వాళ్లే సూచించారు: ప్రతి ఏఎస్ఎం గోటో వెనకా ఒక ఖాళీ అసెంబ్లీ వాక్యం పెట్టడం. అది ఒక్క సూచన కూడా పుట్టించదు, కంపైలర్ చేతులు మాత్రం కట్టేస్తుంది. దాన్ని ఒక మాక్రోలో దాచి, 4.8.1 దాకా ఉన్న జీసీసీలకే వర్తించేలా షరతు పెట్టారు. 4.8.2లో బగ్ సరిదిద్దారు కదా అని. అంటే సలహా చెప్పినట్టే, చక్కగా ఇరుకు చేశారు. నాలుగు నెలలు తిరగకముందే, 4.8.2తో కట్టిన కెర్నెల్‌లో వర్చువల్ యంత్రాలను మూసేశాక వాటి మెమరీ విడుదల కావడం లేదని ఒకరు కనుక్కున్నారు. మాక్రోను ఆ వర్షన్‌కూ తెరిస్తే సమస్య పోయింది. ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు చేసింది షరతునే ఎత్తేయడం. అసలు బగ్ దొరికేదాకా జీసీసీ ఏ వర్షన్ అయినా ఖాళీ వాక్యం ఉండాల్సిందేనన్నారు. తెలియనిది పెరిగింది, కట్ట వెడల్పూ పెరిగింది. ఆ నిర్ణయం సరైనదేనని చాలా ఏళ్ల తర్వాత రుజువైంది, ఆ మాట చివర్లో వస్తుంది.

రెండో కథలో క్రమం తిరగబడింది. 2014 జూలైలో, జీసీసీ 4.9.0తో కట్టిన కెర్నెళ్లు ప్రాసెస్‌లను సీపీయూల మధ్య సర్దే ఫంక్షన్ దగ్గర కూలిపోసాగాయి. అసెంబ్లీ చూస్తే, ఫంక్షన్ తన స్టాక్ చోటును ఇంకా కేటాయించుకోకముందే స్టాక్ పాయింటర్‌కు కిందున్న మెమరీలో ఒక విలువ దాస్తోంది. మామూలు ప్రోగ్రాంలకు ఎక్స్86-64లో ఆ కింది 128 బైట్లు వాడుకునే హక్కుంది. కెర్నెల్‌కు లేదు, ఏ క్షణమైనా ఇంటరప్ట్ వచ్చి అదే స్టాక్ మీద రాసేస్తుంది. అందుకే ఆ చోటు వాడొద్దని కెర్నెల్ స్పష్టంగా ఫ్లాగ్ ఇస్తుంది, కంపైలర్ దాన్ని మీరింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తనదైన భాషలో జీసీసీని దులిపేశాడు. మూలం విచిత్రమైన చోట దొరికింది. డీబగ్ సమాచారం కోసం కంపైలర్ తన లోపల పెట్టుకునే గుర్తులు పుట్టే కోడ్‌ను ఏమాత్రం మార్చకూడదు. వాటిలో ఒకటి సూచనల వరుసను నిర్ణయించే దశను గందరగోళపరిచి, దాటకూడని హద్దును చెరిపేసింది. కెర్నెల్ వాళ్లు ఆ గుర్తులను పుట్టించే సౌకర్యాన్నే మొత్తం కెర్నెల్‌కు, అన్ని జీసీసీ వర్షన్లకు ఆపేశారు. ఆ రోజుకు అది తెలివైన పనే. 4.5 నుంచీ అదే లోపం పొంచి ఉండవచ్చని తేలాక, ఒక్క ఫంక్షన్‌కు మాట్లు వేయడం పిచ్చితనమే అయ్యేది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. బగ్ కారణం తెలిసింది, జీసీసీ సరిదిద్దింది, కానీ ఫ్లాగ్ అక్కడే కూర్చుంది. దాని మూలంగా డీబగ్గర్లు, పెర్ఫ్, సిస్టంట్యాప్ లాంటి సాధనాలు ఫలానా వేరియబుల్ ఎక్కడుందో చాలాచోట్ల చెప్పలేకపోయేవి. 2020 చివర్లో గానీ దాన్ని జీసీసీ 5కు ముందున్న వర్షన్లకు పరిమితం చేయలేదు. ఆరేళ్లపాటు, అప్పటికే లేని రోగానికి మందు మింగినట్టయింది.

వెడల్పైన వర్క్‌అరౌండ్‌కు వ్యతిరేకంగా చెప్పగలిగిన గట్టి మాట ఇదే, దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. వెడల్పుగా పెట్టింది కదలదు. దాని ఖర్చు అందరి మీదా పలచగా పడుతుంది కాబట్టి తీసేయమని ఎవరూ గట్టిగా అడగరు. రస్ట్ భాష ఇందుకు పెద్ద ఉదాహరణ. మార్చగలిగే రిఫరెన్స్ ఒకటి ఉన్నంతసేపు ఆ డేటాను ఇంకెవరూ తాకరని రస్ట్ నియమాలే హామీ ఇస్తాయి. ఆ సంగతి రస్ట్ కింద పనిచేసే ఎల్ఎల్‌వీఎంకు చెబితే మంచి ఆప్టిమైజేషన్లకు దారి తెరుచుకుంటుంది. సీలో ఇదే హామీని రిస్ట్రిక్ట్ అనే పదంతో ఇవ్వవచ్చు గానీ వాడేవాళ్లు అరుదు. ఎవరూ పెద్దగా నడవని దారి కాబట్టి అక్కడి గుంతలు ఎవరి కంటా పడలేదు. రస్ట్ వచ్చి ప్రతి ఫంక్షన్‌లోనూ ఆ హామీ ఇవ్వసాగేసరికి తప్పు కోడ్‌లు బయటపడ్డాయి. 2018లో దొరికిన ఒక లోపాన్ని సీలో రిస్ట్రిక్ట్‌తో తిరిగి రాస్తే క్లాంగే కాదు, జీసీసీ కూడా బోల్తా పడింది. రస్ట్ వాళ్లు ఆ హామీ పంపడం ఒకటి కన్నా ఎక్కువసార్లు మొదలుపెట్టి ఆపారు. చివరికి 2021లో ఎల్ఎల్‌వీఎం 12తో నిలకడగా తెరిచారు. ఇన్నేళ్ల వేగం నష్టపోయారని విమర్శించవచ్చు. కానీ ప్రత్యామ్నాయం ఏమిటి? తప్పు బయటపడిన ఒక్కో ప్రోగ్రాంలో ఒక్కో మాటు వేసి, బయటపడని వాటిని దేవుడికి వదిలేయడం. భద్రతే ప్రాణంగా పుట్టిన భాషకు అది ఆత్మహత్య. నా లెక్కలో వాళ్లు సరిగ్గా చేశారు. ఆపినప్పుడల్లా కారణాన్ని ఒక తెరిచిన ఫిర్యాదుకు ముడివేసి ఉంచారు, అందుకే మళ్లీ తెరిచే ప్రయత్నాలు జరుగుతూ వచ్చాయి. కెర్నెల్ ఫ్లాగ్‌కు లేనిది సరిగ్గా ఆ ముడి. కారణం, బగ్ నంబరు మార్పుల చరిత్రలో ఉన్నాయి, కానీ ఎప్పుడు తీసేయాలో చెప్పే షరతు మాత్రం మేక్‌ఫైల్‌లో లేదు.

ఇంతకన్నా సులువైన దారి ఉంది కదా, కంపైలర్ మార్చేస్తే పోలా అంటారు కొందరు. వీలైన చోట అదే ఉత్తమం. 2021 జనవరిలో కెర్నెల్ వాళ్లు ఆర్మ్64కు ఆ పనే చేశారు. జీసీసీ 4.9 నుంచి 5.1కు ముందు దాకా ఉన్న వర్షన్లు, ఫంక్షన్ ముగిసేటప్పుడు స్టాక్ పాయింటర్‌ను జరిపేసిన తర్వాత కూడా వదిలేసిన చోటునుంచి చదివేవి. ఆ రెప్పపాటులో ఇంటరప్ట్ వస్తే డేటా పాడవుతుంది. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంలో ఎప్పుడో ఒకసారి చెక్‌సమ్ తప్పు రావడం తప్ప ఇంకే ఆనవాలూ ఉండేది కాదు. దీన్ని సోర్స్‌లో అడ్డుకునే చోటే లేదు, ఏ ఫంక్షన్ అయినా బలి కావచ్చు. అందుకే 5.1 కన్నా పాతదైతే బిల్డ్ అసలు జరగకుండా చేశారు. కానీ ఈ వెసులుబాటు అందరికీ ఉండదు. విమానాలకు, వైద్య పరికరాలకు కోడ్ రాసేవాళ్లు కంపైలర్ వర్షన్‌ను ఒకసారి ఆమోదం పొందాక ఏళ్ల తరబడి బిగించి ఉంచుతారు. మార్చితే తనిఖీల ప్రక్రియ మళ్లీ మొదటికొస్తుంది. వాళ్లు ఆధారపడేది కంపైలర్ అమ్మినవాళ్లు ఎప్పటికప్పుడు పంపే తెలిసిన లోపాల జాబితా మీద, దాన్ని చదివి తమ కోడ్‌కు నిషేధాలు రాసుకోవడం మీద. పైగా కొత్త వర్షన్ పాత బగ్‌ను తీసి కొత్తది తేవచ్చు. పైన చెప్పిన రెండు స్టాక్ కథల్లోనూ తప్పు బయటపడింది జీసీసీ 4.9లో, అంటే ఒకప్పుడు అదే కొత్త వర్షన్.

అసలు తప్పే చేయని కంపైలర్ ఉండగా ఈ గొడవంతా ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. ఫ్రాన్స్‌లో జేవియర్ లెరాయ్ నాయకత్వంలో తయారైన కాంప్‌సర్ట్, తన అనువాదం సరైనదని గణితపరంగా నిరూపించుకున్న కంపైలర్. ఆరు సీపీయూ సంవత్సరాలు వెతికినా అందులో నిరూపించిన భాగంలో తప్పు కోడ్ దొరకలేదని సీస్మిత్ బృందమే రాసింది. దొరికిన కొద్ది లోపాలు నిరూపణ పరిధికి బయట ఉన్నవి. ఇది అబ్బురపరిచే విజయం. కానీ దాని ఆప్టిమైజేషన్ జీసీసీ మొదటి స్థాయికి దగ్గర్లో ఆగుతుంది, అది ప్రపంచంలోని అన్ని భాషలకూ అన్ని చిప్‌లకూ లేదు. మామూలు కంపైలర్లను ముక్కముక్కగా నిరూపించే దారి ఎక్కువమందికి ఉపయోగపడుతోంది. 2015లో అలైవ్ అనే సాధనం ఎల్ఎల్‌వీఎంలోని చిన్న చిన్న మార్పిడి సూత్రాలు 334 తీసుకుని చూస్తే ఎనిమిది తప్పని తేలాయి. దాని వారసుడు అలైవ్2 మరో 47 కొత్త బగ్‌లు పట్టింది. ఇవన్నీ బగ్‌ల సంఖ్యను తగ్గిస్తాయి. ఈ రోజు మన ముందున్న బగ్‌ను ఏం చేయాలో మాత్రం చెప్పవు.

వర్క్‌అరౌండే హాని చేసే సందర్భాల గురించి ఎవరూ పెద్దగా రాయరు. ముందు చెప్పిన గో ఉదంతంలో, సరిదిద్దిన కెర్నెల్ అందరికీ చేరేలోపు గో 1.14 తన పక్క నుంచి జాగ్రత్త తీసుకుంది. పాడైన కెర్నెల్ వర్షన్ కనిపిస్తే, సిగ్నళ్లను అందుకునే స్టాక్ పేజీలను మెమరీలో కదలకుండా తాళం వేయమని అడిగేది. కంటైనర్లలో ఇలా తాళం వేసుకునే మెమరీ మీద చిన్న పరిమితి ఉంటుంది. అడగ్గానే వ్యవస్థ కాదనేది, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోయేది. ఇంకా విడ్డూరం, ఉబుంటు కెర్నెళ్లలో ఆ లోపాన్ని అప్పటికే సరిదిద్దినా వర్షన్ అంకె 5.3.0 గానే కనిపించేది. అంటే బగ్ లేని యంత్రాల మీద వర్క్‌అరౌండ్ నడిచి, బగ్ చేయని హాని తాను చేసింది. ఇక్కడ తప్పు వెడల్పుది కాదు, ఖరీదుది. వెడల్పుగా పెట్టేది ఏదైనా, అనవసరమైన చోట పడినా చెరుపు చేయనిదై ఉండాలి. ఏఎస్ఎం గోటో వెనక ఖాళీ వాక్యం అలాంటిది. మెమరీకి తాళం అలాంటిది కాదు. వర్షన్ అంకెల మీద నమ్మకం ఎంత సన్నటిదో కూడా ఇక్కడ తెలుస్తుంది. సరిదిద్దారన్న 4.8.2లో సమస్య మిగిలింది, పాడైందన్న 5.3.0లో సమస్య లేదు. అంకెలు వద్దు, కుదించిన పరీక్షను బిల్డ్ మొదట్లో నడిపి చూసుకుంటే చాలదా అని అడగవచ్చు. పరీక్ష విఫలమైతే బగ్ ఉన్నట్టు ఖాయం. పాసైతే లేనట్టు ఖాయం కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న కోడ్ మారితే అదే బగ్ వేరే ముఖంతో వస్తుంది. కాబట్టి ఆ పరీక్ష తలుపు మూయడానికి పనికొస్తుంది, తెరవడానికి ఒంటరిగా చాలదు.

ఏఎస్ఎం గోటో కథలో మిగిలిన భాగం ఇక్కడికి చేరుతుంది. దెబ్బతిన్న జీసీసీ వర్షన్లతో కెర్నెల్ కట్టడమే మానేశాక, ఆ ఖాళీ వాక్యాన్ని పాతకాలపు చెత్తగా ఎంచి తీసేశారు. అదృష్టవశాత్తు మాక్రో పేరు కోడ్‌లో అలాగే మిగిలింది. 2024 ఫిబ్రవరిలో, ఫలితాలను బయటికిచ్చే కొత్త రకం ఏఎస్ఎం గోటోలో దాదాపు అవే లక్షణాలు మళ్లీ కనిపించాయి. మూలన పడేసిన పాత ఖాళీ వాక్యాన్ని తిరిగి పెడితే పోయాయి. ఆ నెల 9న టోర్వాల్డ్స్ చేసిన మార్పు రెండు నిర్ణయాలను కలిపి తీసుకుంది. పాత రకం ఏఎస్ఎం గోటోలను వదిలేసి కొత్త రకానికే వర్క్‌అరౌండ్‌ను కుదించాడు, అక్కడి దాకా సాక్ష్యం ఉంది కాబట్టి. జీసీసీ వర్షన్ మీద మాత్రం ఏ షరతూ పెట్టలేదు, కోడ్ ఎందుకు చెడుతోందో అప్పటికి స్పష్టం కాలేదు కాబట్టి. వారం తిరగకముందే జీసీసీ వాళ్లు కారణం కనుక్కున్నారు: ఫలితాలున్న ఏఎస్ఎం గోటోను తొలగించడానికి గానీ కలపడానికి గానీ వీల్లేనిదిగా గుర్తించాల్సిన కంపైలర్ ఆ గుర్తు పెట్టడం మరచిపోయింది. సవరణ 14వ వర్షన్‌తో పాటు 11, 12, 13 శాఖలకూ వెళ్లింది. 15వ తేదీ మార్పులో షరతు వచ్చి చేరింది: 11.5కు ముందువి, 12 శాఖలో 12.4కు ముందువి, 13 శాఖలో 13.3కు ముందువి అయితేనే వర్క్‌అరౌండ్. పక్కనే బగ్ నంబరు 113921, ఏ వర్షన్లలో సరిదిద్దారో ఒక వరుస. ఈ అంకెలు కూడా అబద్ధమాడవచ్చు. ఏ పంపిణీదారుడో సవరణను తన 11.4లోకి తెచ్చుకుని అంకె మార్చకుండా ఉంచవచ్చు. అప్పుడు ఆ యంత్రం మీద కట్టిన కెర్నెల్‌లో అవసరం లేని ఖాళీ అసెంబ్లీ వాక్యాలు కొన్ని ఉంటాయి, అవి ఒక్క సూచన కూడా పుట్టించవు.